గున్నేశ్వరరావు పుట్టించిన స్వామి

గుమ్మళ్లపాలెంలో అబద్ధాల పోటీ పెడితే మొదటి బహుమతీ గున్నేశ్వరరావుకే వచ్చేది, రెండోదీ అతనికే వచ్చేది. మూడోది ఊళ్లో మిగతావాళ్లు పంచుకునేవారు. ఒక వరదల ఏడు రేవులో పడవలు ఆపేస్తే, పులస చేపలు బారులు తీరి ఎదురీదుతున్నాయి కదా అని వాటి వీపుల మీద అడుగులు వేసుకుంటూ కొవ్వూరు నుంచి రాజమండ్రి వచ్చేశానని చెప్పాడు. కాళ్లు తడవలేదట్రా అని అడిగితే, "మడమలు తడిశాయండి. చివరి చేప కాస్త చిన్నది" అన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట గేటు ఇరుక్కుపోయి ఇంజనీర్లు తలలు పట్టుకుంటే, తన తుండు కట్టి ఒక్క లాగు లాగాడట. గేటు లేచింది గాని తుండు చిరిగిందట. తుండు మాత్రం నిజంగానే చిరిగి ఉండేది.

అయిదో తరగతి దగ్గర బడి అతన్ని వదిలేసింది. తనే బడిని వదిలేశానని అతనంటాడు. ఆ బడిలో పాతికేళ్లుగా చెబుతున్న లాజరు మాస్టారు మాత్రం, "వాడు లెక్కల్లో గట్టివాడేనండి. రెండూ రెండూ ఎంతరా అంటే నలభై అనేవాడు. తక్కువ మాత్రం చెప్పేవాడు కాదు" అనేవారు.

ఇంత నోరున్న మనిషి ఏడాదికి పదిహేను రోజులు నోరు కట్టేసుకునేవాడంటే ఎవరూ నమ్మరు. కట్టేసుకునేవాడు. అదే అతని బతుకు.

ఊరికి రెండు మైళ్ల దూరంలో, కోరుకొండ వైపు, చిప్పలమెట్ట అని ఒక ఎర్రరాతి గుట్ట ఉంది. దాని నడుమున ఒక గుహ. మనిషి వంగి దూరితే లోపల ధాన్యం గాదె అంత చోటు, దాని వెనక మరో గాదె, ఇంకా వెనక్కి పోతే ఎవరూ కొలవని చీకటి. ఆ కప్పుకి గబ్బిలాలు వేలాడుతుండేవి. మామిడిపళ్లు కొట్టే పెద్దవి కావు. అరచేతిలో ఇమిడిపోయే చిన్నవి, పురుగుల్ని తినేవి. ఏటా కార్తీకంలో గున్నేశ్వరరావు లోపలికి వెళ్లి, నేలమీద పేరుకున్న పెంట గోనెసంచుల కెత్తి బండి మీద కడియం తోలుకెళ్లేవాడు. అక్కడి పూలతోటల వాళ్లు ఆ ఎరువు కోసం ఎదురుచూసేవారు. గులాబీ మొక్క మొదట్లో గుప్పెడు వేస్తే చాలుననేవారు. గుప్పెడు వేసి వెనక్కి తిరిగేసరికి పువ్వు ముక్కుకి తగిలిందని గున్నేశ్వరరావు అనేవాడు.

ఈ పని అతనికి తండ్రి వెంకన్న నుంచి వచ్చింది, వెంకన్నకి వాళ్ల నాన్న నుంచి. పనితోపాటు పద్ధతీ వచ్చింది. గుహ గుమ్మంలో చెప్పులు, చుట్ట, మాట, మూడూ వదిలేసి లోపలికి వెళ్లాలి. దీపం తీసుకెళ్లకూడదు. గుమ్మంలోంచి పడే వెలుగు ఎంతవరకు ఆనితే అంతవరకే ఎత్తుకోవాలి. ఇక వైశాఖం, జ్యేష్ఠం అసలు గడప తొక్కకూడదు. అవి పురిటి నెలలు. అప్పుడు ఆ గుహ ఆడగబ్బిలాలతో నిండిపోతుంది, ఒక్కోటీ ఒక్కో పిల్లని కంటుంది. మనిషింట్లో పురుడొస్తే గుమ్మానికి వేపమండలు కట్టినట్టే, వెంకన్న వైశాఖం రాగానే గుహ గుమ్మానికి వేపమండలు కట్టేవాడు. మేకలు కాసేవాళ్లు అవి చూసి పక్కనుంచి పోయేవారు. తండ్రి పోయాక గున్నేశ్వరరావు కట్టేవాడు.

పొద్దు వాలేటప్పుడు అతను గుట్ట కింద రాతి మీద కూర్చునేవాడు. గుహలోంచి ముందు నాలుగు, తర్వాత నలభై, ఆ తర్వాత చేటలోంచి మినుములు జారబోసినట్టు ఆకాశంలోకి జారిపోయేవి. ఒక బండి గుట్ట దగ్గర బయల్దేరి ఊరి చెరువు చేరేదాకా ఆ ధార తెగేది కాదు. ఇందులో గున్నేశ్వరరావు కలిపింది ఏమీ లేదు. లాజరు మాస్టారూ చూశారు.

"ఒక్కోటి రోజూ దాని బరువులో సగం పురుగులు తింటుందోయ్. కింద చేలల్లో దోమ కాస్త తక్కువుందంటే వీటి పుణ్యమే" అనేవారాయన.

"సగమేంటండీ మాస్టారూ, నేను చూసింది ఒకటి బస్తాడు తింది."

"నీ మొహం."

డెబ్బై తొమ్మిది వైశాఖంలో రాజమండ్రి నుంచి నలుగురు కుర్రాళ్లు రెండు మోటారుసైకిళ్ల మీద టేపురికార్డరు పెట్టుకుని వచ్చారు. వేపమండలు చూసి నవ్వుకున్నారు. గబ్బిలాలు బయటికొస్తే ఎలా ఉంటుందో చూద్దామని పాత సైకిలు టైరొకటి గుహలోకి దొర్లించి నిప్పు పెట్టారు. నల్లపొగ చూసి గున్నేశ్వరరావు చేలకడ్డం పడి పరిగెత్తాడు. అతను చేరేసరికి మిట్టమధ్యాహ్నం ఎండలో గబ్బిలాలు దిక్కు తెలీకుండా చెట్లకి కొట్టుకుంటున్నాయి. కాకులు, గద్దలు ఎక్కడెక్కడివో వచ్చి వాలిపోయాయి. కుర్రాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

టైరు బయటికి లాగేటప్పుడు అతని అరచేతులు కాలాయి. లోపల నేలమీద పిల్లలు, వెంట్రుకైనా లేనివి, గోరింట పండిన వేలి కొసంతవి, పెంటలో పాకుతున్నాయి. ఒక్కోటి ఏరి తుండులో వేసుకుని, చేతికందినంత ఎత్తున గోడకి తగిలించాడు. కొన్ని పట్టుకున్నాయి. చాలావాటికి పట్టుకునే బలం లేదు. తగిలించినవి తగిలించినట్టే జారిపోయాయి.

ఆ రోజు సంగతి గున్నేశ్వరరావు ఎవరికీ పెంచి చెప్పలేదు.

ఊరి ప్రెసిడెంటు చంద్రరావు గారి దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చంద్రరావు గారికి బియ్యం మిల్లుంది, గట్టి మనిషి.

"గబ్బిలాలకి పురుడేంట్రా? చూరులో దూరితే అరిష్టమని చీపురుతో కొడతాం మేం. నువ్వేమో మంత్రసానితనం చేస్తానంటావు!"

"అది కాదండి. గుమ్మానికో తలుపు..."

"బొడ్డు కూడా నువ్వే కోస్తున్నావేంట్రా?" అన్నారాయన. మిల్లు జట్టువాళ్లంతా నవ్వారు.

కాలిన చేతులకి ఆకుపసరు రాసుకుని గున్నేశ్వరరావు రామతులసి టీ బడ్డీ దగ్గర కూలబడ్డాడు. రామతులసి గ్లాసు కడుగుతూ, "ఆ కుర్రాళ్ల బండొకటి కోరుకొండ మలుపులో బోల్తా పడిందంట, అన్నా. ఒకడికి మోచెయ్యి విరిగిందంట" అంది.

నిజం చెబితే నవ్వారు కదా. గున్నేశ్వరరావు తల మెల్లగా లేచింది.

"విరగదా మరి? లోపల ఎవరున్నారనుకున్నావు?"

"ఎవరున్నారు?"

"మౌనస్వామి. మా తాత కాలంనించి చూస్తున్నాం. బయటికి చెప్పకూడదని ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నాం. మూడొందల ఏళ్లుగా కళ్లు మూసుకుని తపస్సులో ఉన్నాడు. ఆ గబ్బిలాలు ఆయన జడలు. చప్పుడు చేసినా, పొగ పెట్టినా కళ్లు తెరుస్తాడు. తెరిస్తే ఎదురుగా ఉన్నోడు బూడిదే."

"మరి వేపమండలు?"

"ఆయన్ని చల్లగా ఉంచడానికే కట్టేది. ఊరికే కడతామేంటి?"

బడ్డీలో నలుగురూ టీ తాగడం మరిచిపోయారు. ఆ కబురు సాయంత్రానికి ఊరు దాటింది, మర్నాటికి కాలవ దాటింది. ఎనభై వైశాఖంలో చిప్పలమెట్ట మీద ఒక్క మనిషి అడుగు పడలేదు. మేకలవాళ్లు సైతం దూరం జరిగారు. పిల్లలన్నీ రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. గున్నేశ్వరరావు రాతి మీద కూర్చుని, తన జన్మలో ఇంత పనికొచ్చిన అబద్ధం ఇంకోటి లేదని మీసం దువ్వుకున్నాడు.

లాజరు మాస్టారు ఒక్కరే పిలిచి చెప్పారు. "చర్చిలో చెప్పుకోలేను గాని, నీ అబద్ధం మంచిపని చేసిందోయ్ గున్నయ్యా. ఇక వదిలెయ్. దానికి ఎరువు వెయ్యకు."

"ఛ ఛ, నేనెందుకు వేస్తానండీ."

వేశాడు. ఎరువు మనిషి కదా! సామర్లకోట రైల్లో ఎవరో అడిగితే స్వామికి ఏడడుగుల గడ్డమన్నాడు. కడియంలో అడిగితే గడ్డం కింద నాగుపాము పడుకుంటుందన్నాడు. ఎవరి ఆవో తప్పిపోయి దొరికితే స్వామి కలలో చెప్పాడన్నాడు. అతని భార్య చిన్నమ్మాయి తల బాదుకుంది. "ఏమయ్యా, ఆ గడ్డం ఈపాటికి గుహ దాటి బయటికొచ్చుంటదేమో చూసుకో!"

ఎనభై ఒకటి వానాకాలంలో చంద్రరావు గారి మిల్లు పొగగొట్టం మీద పిడుగు పడింది. మనుషులకేం కాలేదు గాని గొట్టం నిలువునా చీలింది. అంతకు వారం ముందే ఆయన చిప్పలమెట్ట రాయి రోడ్డుకి కొట్టిద్దామని మనుషుల్ని పంపి గుట్ట కొలిపించారు. ఆ రెండూ ముడిపెట్టుకుని, జ్వరం తెచ్చుకుని, గున్నేశ్వరరావుని పిలిపించారు. ఆ రోజు నవ్వినాయన ఈ రోజు దుప్పటి కప్పుకుని ఉన్నారు.

"ఒరేయ్ గున్నా, నిజం చెప్పు. స్వామికి నా మీద కోపం వచ్చిందంటావా?"

ఇలాంటి అవకాశం గున్నేశ్వరరావుకి మళ్లీ దొరుకుతుందా? రాయి కొట్టడమూ ఆగిపోతుంది, పురిటి నెలలకి శాశ్వతంగా కాపలా పడుతుంది. నిటారుగా నిలబడి చెప్పాడు.

"వచ్చిందండి. ఇంకా నయం, తపస్సులో ఉన్నాడు గనక గొట్టంతో పోయింది. వైశాఖంలో అయితే మీరూ ఉండేవారు కాదు. వైశాఖమంతా ఆయన నిద్ర పల్చగా ఉంటుందండి. పౌర్ణమి నాడు మిట్టమధ్యాహ్నం ఒక్కసారి కళ్లు తెరుస్తాడు. ఆ నెల్లో ఎవరూ గుట్ట ఎక్కకూడదండి."

చంద్రరావు గారు దుప్పటి తీసేశారు.

"అంటే ఏడాదికోసారి దర్శనమిస్తాడన్నమాట."

"దర్శనం కాదండి. ఎదురుగా ఉన్నోడు బూడిద..."

"శాంతి చెయ్యకపోతే కదరా బూడిద! ఎవరూ పట్టించుకోక మూడొందల ఏళ్లు ఒంటరిగా పడున్నాడు. కోపం రాదూ? సాంబ్రాణి వేసి, కోడిని కోసి, నెత్తిన గరగ కుండలు ఎత్తి, డప్పులతో ఎదురెళ్తే ఎంతటి స్వామైనా చల్లబడతాడు. మన అమ్మోరు చల్లబడలేదూ?"

గున్నేశ్వరరావు తుండు దులిపి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. 

భయపెడితే మనుషులు దూరంగా పోతారని అతను లెక్క వేసుకున్నాడు. కుర్రాళ్ల విషయంలో, మేకలవాళ్ల విషయంలో ఆ లెక్క కుదిరింది. కాని కోపమున్న దేవుడంటే ఈ మెట్ట జనం పారిపోరు, పిండివంటలు పట్టుకుని ఎదురెళ్తారు. అది అతనికి తెలియనిది కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ చంకనెక్కి తనూ అమ్మవారి జాతరకి వెళ్లినవాడే. కథ చెబుతున్న ఊపులో మరిచిపోయాడు, అంతే.

ఆపడానికి ఇంకో అబద్ధం చెప్పాడు. స్వామి అలిగి పాపికొండల్లోకి వెళ్లిపోయాడన్నాడు. "అయితే వెనక్కి పిలుచుకురావాలి" అని చంద్రరావు గారు మెట్లు కట్టించడం మొదలుపెట్టారు. స్వామి ఆడవాళ్లని రానివ్వడన్నాడు. ఆడవాళ్లు ముందురోజు ఉపవాసం ఉంటామని మొక్కుకున్నారు. లాజరు మాస్టారు గబ్బిలాల్ని కాపాడమని రాజమండ్రిలో అడవుల ఆఫీసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. జవాబు కోసం ఎదురుచూస్తుండగానే ఉగాది వెళ్లిపోయింది.

పౌర్ణమి ఇంకా అయిదు రోజులుందనగా గున్నేశ్వరరావు టీ బడ్డీ బల్ల ఎక్కాడు.

"అయ్యా, అందరూ వినండి! గుహలో స్వామి లేడు. నేను కల్పించాను. గడ్డం లేదు, పాము లేదు. గబ్బిలాలు పిల్లల్ని పెట్టుకుని ఉన్నాయి. పొగ పెడితే రాలిపోతాయి. నా మాట నమ్మండి!"

 అందరూ బడ్డీ రేకులు ఎగిరిపోయేట్టు నవ్వారు.

"ఒరేయ్, పులసల మీద నడిచొచ్చావంటే నమ్మాం గాని, ఇది మరీ పెద్దదిరా!"

"స్వామి లేడంట! రేపు గోదారి లేదంటాడు."

"అన్నా, మనకి పరీక్ష పెట్టడానికి స్వామే ఇలా చెప్పించాడేమో" అంది రామతులసి మెల్లగా. అప్పుడందరూ నవ్వు ఆపి బల్ల మీద ఉన్నవాడి వైపు భక్తిగా చూశారు. ఆ చూపుకన్న నవ్వే నయమనిపించింది గున్నేశ్వరరావుకి. పెద్దాయనొకరు వచ్చి అతని కాళ్లు ముట్టుకోబోతే బల్ల దిగి ఇంటికి పోయాడు.

"నువ్వయినా నమ్ముతావా?" అని చిన్నమ్మాయిని అడిగాడు.

"నేను నమ్మితే ఏం లాభం? గుట్ట ఎక్కేది నేనా?" అంది ఆమె, అన్నం వడ్డిస్తూ.

పౌర్ణమి నాడు తెల్లారకముందే వెళ్లి గుహ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. పొద్దెక్కేసరికి బళ్లు, ట్రాక్టర్లు, కోరుకొండ నుంచి స్పెషల్ బస్సు. మైకుసెట్టు. నెత్తిన గరగలెత్తుకుని ఆడేవాళ్లు. చంద్రరావు గారు పట్టుబట్టలతో మెట్లెక్కి, గుమ్మంలో కూర్చున్న గున్నేశ్వరరావు మెడలో బంతిపూల దండ వేశారు. స్వామిని లోకానికి చూపించిన మొదటి భక్తుడని మైకులో చెప్పారు. జనం గోవింద కొట్టారు. ఇద్దరు కుర్రాళ్లు రెక్కలు పట్టుకుని మర్యాదగా లేపి పక్కన నిలబెట్టారు. అతను పెనుగులాడితే పూనకం వచ్చిందనుకుని నిమ్మకాయ నోట్లో పెట్టారు.

పన్నెండు గంటలకి సాంబ్రాణి, గుగ్గిలం నిప్పుల మీద వేసి నాలుగు పెద్ద కుంపట్లు లోపలికి తోశారు. డప్పులు ఒక్కసారిగా మోగాయి.

గుహ మొత్తం బయటికొచ్చింది. జనం మొహాల మీదనుంచి, తలల మధ్యనుంచి, ఎండలోకి. "కళ్లు తెరిచాడు! స్వామి కళ్లు తెరిచాడు!" అని అరుపులు. కాకులు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ చేసి వచ్చినట్టు వచ్చాయి. తల్లులు కొన్ని పిల్లల్ని పొట్టకి కరిపించుకునే ఎగిరాయి. బరువుకి ఎగరలేక మెట్ల మీదే పడ్డాయి. పొగ తగ్గాక హారతి పట్టుకుని వరసగా లోపలికెళ్లారు. నేలమీద ఏముందో ఎవరూ చూడలేదు. మెత్తగా తగిలిందని ఒకామె అంది. స్వామి పూలపాన్పు అని పక్కామె చెప్పింది.

గున్నేశ్వరరావు ఈసారి ఏరలేదు. తుండు భుజం మీదే ఉంది.

మాస్టారి ఉత్తరానికి జవాబు ఆషాఢంలో వచ్చింది. చట్టంలో గబ్బిలాలు కాకులతోను, ఎలకలతోను కలిపి హాని చేసే జంతువుల పట్టీలో ఉన్నవని, కనక తాము చేయదగినది లేదని రాశారు. "ఆ పట్టీలో ఉన్నవి పళ్లు తినేవోయ్. ఇవి పురుగులు తినేవని రెండు పేజీలు రాశాను. వాళ్లకి గబ్బిలమంటే గబ్బిలమే" అన్నారు లాజరు మాస్టారు. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు, ఎందుకో ఆయనకీ తెలీదు.

కార్తీకంలో గున్నేశ్వరరావు అలవాటు కొద్దీ గోనెసంచి పట్టుకుని గుహకి వెళ్లాడు. చెప్పులు గుమ్మంలో వదిలాడు. లోపల నేలకి సిమెంటు చేశారు. గోడకి ఒక రాయి నిలబెట్టి వెండికళ్లు అతికించారు, తెరిచిన కళ్లు. కప్పు ఖాళీ. కడియం వాళ్లు రెండుసార్లు కబురు పెట్టి, తర్వాత కొట్లో బస్తాల ఎరువు కొనుక్కున్నారు. గున్నేశ్వరరావు మిల్లులో మూటలు మోసే జట్టులో చేరాడు. చంద్రరావు గారు తేలికైన మూటలే ఇవ్వమన్నారు.

ఎనభై మూడు మాఘంలో, తప్పిపోయిన మిల్లు ఎద్దుని వెతుక్కుంటూ గుట్ట వెనకవైపు తిరిగాడు. అటు దారి లేదు, ముళ్లకంపే. పొద్దు వాలుతోంది. రాయి చీలిన ఒక సందులోంచి ఏదో ఆకాశంలోకి జారింది. ఇంకోటి. కదలకుండా నిలబడి లెక్కపెట్టాడు. పదకొండు. ఇంకా వస్తాయేమోనని చీకటి పడేదాకా చూశాడు. పదకొండే.

బడ్డీ దగ్గర రామతులసి అడిగింది. "ఏంటన్నా, ఈ మధ్య ఏ కబురూ చెప్పవు?"

అతని నోరు ఊరింది. పదకొండుని పదకొండు వేలు చెయ్యగలడు. "ఏం లేదమ్మా" అన్నాడు. ఇంటికెళ్లాక చిన్నమ్మాయికీ చెప్పలేదు.

వైశాఖం వచ్చింది. ముందు వైపు ఉత్సవానికి పందిళ్లు వేస్తున్నారు. ఈ ఏడు జనరేటరు తెస్తున్నారట. గున్నేశ్వరరావు పొద్దున్నే లేచి, మూడు తరాల అలవాటు ప్రకారం, దొడ్లో వేపమండలు విరిచాడు. వాటిని చంకలో పెట్టుకుని గుట్ట వెనక్కి వెళ్లాడు. సందులోంచి సన్నగా కిచకిచలు వినిపించాయి. పిల్లలు పుట్టాయి.

మండ కట్టడానికి చెయ్యెత్తి, ఆగిపోయాడు. కడితే ఎవరో ఒకరు చూస్తారు. చూస్తే అడుగుతారు. నిజం చెబితే దాన్నీ పూజిస్తారు, అబద్ధం చెప్పినా పూజిస్తారు. మండలు ముళ్లకంపలో దూరంగా పారేశాడు.

అప్పుడు చూశాడు, సందుకి బారెడు దూరంలో బండ మీద సున్నంతో గీసిన అడ్డగీత. దాని పక్కన ఇంకోటి, కిందికి మరోటి. ఉత్సవానికి బస్సులు తిరగడానికి గుట్ట వెనకనుంచి బండలు కొట్టి రోడ్డు వేస్తారని మిల్లులో అనుకోవడం విన్నాడు. గున్నేశ్వరరావు తుండు తీసి మొదటి గీత రుద్దాడు. కొంచెం పోయింది. ఉమ్మి వేసి రుద్దాడు. ఎర్రరాతి గరుకులోకి ఇంకిపోయిన సున్నం, మిగిలింది మిగిలినట్టే ఉంది.

అవతలి వైపు మైకులో ఎవరో గొంతు సరిచేసుకుని, మొదటి భక్తుడు గున్నేశ్వరరావు గారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలని పిలుస్తున్నారు.